మూడింతల జీతం లేనివాళ్లకు ఇల్లు అద్దెకివ్వచ్చా?

పాలకొల్లులో మా వీధి చివర మేడ మీద వాటా ఆషాఢమంతా ఖాళీగానే ఉంది. శ్రావణం రాగానే ఒక కుటుంబం వచ్చి చూసింది. భర్త రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు), మోటార్లు బాగుచేస్తాడు. భార్య ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. వాళ్లతో అత్తగారు, ఇద్దరు పిల్లలు. అద్దె 7,000. ఇల్లు వాళ్లకు నచ్చింది, వాళ్లు ఓనరు పిన్నిగారికి నచ్చారు. ఆ రాత్రి డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి ఒక్క మాటతో ఆపేశాడు. "జీతం అద్దెకి మూడింతలు లేకపోతే ఇవ్వకమ్మా. ఇక్కడ అందరూ అదే చూస్తారు."

మూడింతలంటే 21,000. టీచరుగారి జీతం 9,500. ఆవిడ భర్తకు జీతం కాగితమన్నదే లేదు.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు మా ఇంటికొచ్చారు. "చూస్తే మంచోళ్లలాగే ఉన్నారు. వాడేమో వద్దంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది, కాస్త లెక్క చూసి చెప్పు" అన్నారు. రెండు రోజులు ఆ లెక్కతోనే కూర్చున్నాను. భీమవరంలో, అమలాపురంలో, తణుకులో మేడ మీద ఒక వాటా, కింద ఒక వాటా అద్దెకిచ్చుకుని బతికేవాళ్లకి ఈ ప్రశ్న రోజూ ఎదురయ్యేదే కాబట్టి నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ముందు ఆ మూడింతల లెక్క ఎక్కడిదో చూద్దాం. అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేదల అద్దె వాళ్ల ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో చట్టంలో ఒక సవరణ తెచ్చారు. ఎడ్వర్డ్ బ్రూక్ అనే సెనేటర్ పేరు మీద దాన్ని బ్రూక్ సవరణ అంటారు. 1981లో ఆ 25 శాతాన్ని 30 చేశారు. అద్దె ఆదాయంలో 30 శాతం లోపు ఉండాలంటే ఆదాయం అద్దెకు మూడింతలకు కాస్త పైన ఉండాలి. న్యూయార్క్‌లో ఇదే లెక్కను ఇంకోలా చెప్తారు. ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలంటారు. అంటే అద్దెకుండేవాడి మీద భారం పడకూడదని పెట్టిన గీత అది. తర్వాత ఓనర్లు దాన్నే తిప్పి, ఆ గీత దాటనివాళ్లని గుమ్మంలోంచే పంపేయడానికి వాడుకుంటున్నారు.

అక్కడ ఆ గీత కొంతవరకు పనిచేస్తుంది. చాలామందికి రెండు వారాలకోసారి జీతం చెక్కు వస్తుంది, పన్ను అందులోనే కోసేస్తారు, పే స్లిప్పు చూస్తే ఆదాయం తెలిసిపోతుంది. అలాంటి చోట కూడా మూడింతలు రానివాళ్లని అందరూ తోసేయరు. హామీదారుణ్ణి తెచ్చుకోమంటారు, బ్యాంకులో ఉన్న డబ్బు చూపించమంటారు. డాలస్ నుంచి ఫోన్‌లో చెప్పినప్పుడు ఆ రెండో సగం పిన్నిగారి దాకా రాలేదు.

మన గోదావరి డెల్టాలో డబ్బు నెలనెలా రాదు. సార్వా (తొలకరి వరి) కోత నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రెండో పంట వరి) కోత ఏప్రిల్ ప్రాంతంలో. ధాన్యం మీద బతికే కౌలు రైతు నుంచి మిల్లులో హమాలీ వరకు అందరి చేతిలో డబ్బు ఆడేది ఆ రోజుల్లోనే. వనామి రొయ్య పంటకు మూడు, నాలుగు నెలలు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) బాగా వస్తే ఒకేసారి డబ్బు, రోగం వస్తే అప్పు. కోనసీమలో కొబ్బరి దింపు నెలన్నర, రెండు నెలలకోసారి. వేటకు వెళ్లేవాళ్లకైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలోకి పోవడానికే లేదు. ఆ నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000కు పెంచారు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లకు, ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆడవాళ్లకు చేసిన పనిని బట్టి కూలి. వీళ్లలో ఎవరినైనా "నెల జీతమెంతండీ?" అని అడిగి చూడండి. "నెలకింతని చెప్పలేనండి" అంటారు. దాచడానికి అనే మాట కాదది. నిజంగానే చెప్పలేరు.

పోనీ కాగితం చూద్దామా అంటే అక్కడ ఇంకో చిక్కుంది. మన రాష్ట్రంలో బియ్యం కార్డు రావాలంటే కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదని నిబంధన పెట్టారు. నెల ఆదాయం ఇంతని ఎవరూ కచ్చితంగా చెప్పలేని ఊళ్లో ఆ కాగితం మీద పడే అంకె ఆ హద్దు లోపలే ఉంటుంది. బియ్యం, పింఛను, పిల్లల చదువు సాయం దాంతో ముడిపడి ఉన్నప్పుడు అది ఎవరి తప్పనీ నేననను. కానీ ఎమ్మార్వో ఆఫీసు ఆదాయ ధ్రువపత్రం చూసి ఇల్లు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడం దండగ. ఆ పత్రం వేరే పని కోసం పుట్టింది. సిబిల్ స్కోరు కూడా అంతే. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ అంకె బ్యాంకు అప్పు తీర్చిన తీరును చెప్తుంది. బ్యాంకు అప్పే తీసుకోనివాళ్లకు స్కోరే ఉండదు. స్కోరు లేకపోవడం వేరు, స్కోరు పాడవడం వేరు. ఉన్నవాళ్లయితే ఏడాదికోసారి తమ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు, ఇష్టమైతే చూపిస్తారు. వాళ్లకు తెలియకుండా తీయించే ప్రయత్నం మాత్రం ఓనరు చేయకూడదు.

ఇక పిన్నిగారి వాటా లెక్క. ఆ దంపతుల్ని కూర్చోబెట్టి నెల ఆదాయం అడగడం మానేశాం. గడిచిన శ్రావణం నుంచి ఈ శ్రావణం దాకా ఏ నెల ఎలా గడిచిందో చెప్పమన్నాం. ఆవిడ స్కూలు జీతం 9,500, కానీ పది నెలలే ఇస్తారు. ఇది చాలామంది ఓనర్లు అడగరు, అడగాలి. వేసవి రెండు నెలలు కలిపి లెక్కేసుకుంటే సంవత్సరానికి 19,000 తేడా వచ్చేస్తుంది. అత్తగారికి వృద్ధాప్య పింఛను 4,000. ఇక ఆయన పని. చెరువుల్లో పంట ఉన్న ఎనిమిది నెలలూ నెలకు 15,000కు తగ్గదట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికి రొయ్య సరిగా ఎదగదు, రోగాలు ఎక్కువని చాలామంది చెరువులు ఎండగడతారు. ఆ నాలుగు నెలలూ 5,000 వస్తే గొప్ప.

కూడితే ఆవిడవి 95,000, పింఛను 48,000, ఆయనవి 1,40,000. మొత్తం 2,83,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 23,500 పైనే. కాగితం మీద 9,500 కనిపించిన ఇల్లు డాలస్ అబ్బాయి గీత కూడా దాటేసింది.

ఇక్కడితో ఆగిపోతే మళ్లీ తప్పే. సగటు మంచి నెలల్ని, చెడ్డ నెలల్ని కలిపేస్తుంది. అద్దె కట్టలేకపోయేది సగటు నెలలో కాదు, అన్నింటికన్నా చెడ్డ నెలలో. వీళ్లకు ఆ నెల డిసెంబరు. స్కూలు జీతం, పింఛను, ఆయన 5,000 కలిపితే 18,500. అద్దె 7,000 పోతే 11,500. బండి వాయిదా 2,800, డ్వాక్రా వాయిదా 1,500 తీస్తే చేతిలో మిగిలేది 7,200. ఐదుగురు మనుషులు, రేషను బియ్యం వస్తాయి, అయినా అది చాలా ఇరుకు. ఒకరికి జ్వరమొస్తే చాలు, అద్దె ఆగిపోతుంది. వేసవిలో స్కూలు జీతం ఉండదు గానీ అప్పుడు చెరువుల పని జోరుగా ఉంటుంది, పింఛనుతో కలిపి 19,000కు తగ్గదు కాబట్టి గండం చలికాలమే.

అంటే ఈ ఇంట్లో సొమ్ము తక్కువ కాదు, అది వచ్చే వేళ తేడా. ఈ రెండిటినీ విడదీయకపోతే ఓనరు ఏ నిర్ణయం తీసుకున్నా అది గుడ్డిదే అవుతుంది. వేళ తేడా అయితే అగ్రిమెంటులో సర్దవచ్చు. ఏడాదంతా కలిపినా చాలనప్పుడు అగ్రిమెంటు ఏం రాసినా ఉపయోగం లేదు.

చాలిందా లేదా అన్నది కూడా రెట్లతో తేలదు, మిగులుతో తేలుతుంది. నెలకు 24,000 జీతం ఉన్న కుర్రాడు కారు వాయిదా 6,500, రెండు చీటీలకు 7,000 కడుతున్నాడనుకోండి. అద్దె 7,000 కూడా కట్టాక అతని దగ్గర మిగిలేది 3,500. మూడింతల గీతలో అతను పాసు. మన టీచరుగారి కుటుంబం చెడ్డ నెలలో కూడా అతనికి రెట్టింపు మిగుల్చుకుంటోంది. బ్యాంకులు అప్పిచ్చేటప్పుడు ఉన్న వాయిదాలన్నీ అడిగేది అందుకే. ఓనర్లు జీతం అడుగుతారు, వాయిదాల సంగతి అడగరు.

జేబులో డబ్బున్నా కట్టనివాళ్లుంటారు, లేకపోయినా ఎక్కడో సర్ది తేదీకి తెచ్చి ఇచ్చేవాళ్లుంటారు. ఆ అలవాటు ఎలా తెలుస్తుంది? పాత ఓనర్ని అడగడం మంచిదే. కానీ ఇప్పుడున్న ఇంటి ఓనరు వాళ్లని ఎలాగైనా పంపించేయాలనుకుంటే "బంగారం లాంటి మనుషులండి" అనవచ్చు. అంతకు ముందు ఇంటాయనకు ఆ అవసరం ఉండదు. ఆయన్ని అడగాల్సింది "బాగా కట్టేవారా?" అని కాదు. "ఆలస్యమైనప్పుడు ముందే చెప్పేవారా, మీరు అడిగాక చెప్పేవారా?" అని. నా మట్టుకు నాకు అన్నిటికన్నా విలువైన జవాబు ఇదే. 5వ తేదీ అద్దె 12కి ఇస్తామని 3వ తేదీనే వచ్చి చెప్పే మనిషితో ఏ ఓనరుకీ నిద్ర పాడవదు.

కాగితాలు కావాలంటే జీతం స్లిప్పు కన్నా నమ్మదగినవి వాళ్ల దగ్గరే ఉంటాయి. పొదుపు సంఘం పుస్తకంలో వాయిదాలు నెలనెలా పడ్డాయో లేదో ఉంటుంది. ఫోన్‌పేలో పాత ఇంటి అద్దె ఏ తేదీన వెళ్లిందో వరసగా కనిపిస్తుంది. మన టీచరుగారు ఫోను తీసి గడిచిన పద్నాలుగు నెలల అద్దె చూపించారు. రెండుసార్లు తప్ప అన్నీ ఆరో తేదీ లోపే. ఆ రెండూ జనవరి, ఫిబ్రవరి. మేం వేసిన లెక్కకీ, ఆ ఫోనుకీ సరిగ్గా సరిపోయింది. బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే అందులోనూ జమ అయిన మొత్తం కన్నా నెలాఖరున ఎంత మిగిలింది, వాయిదా బౌన్స్ చార్జీలు పడ్డాయా అన్నవి చూడాలి. ఇవన్నీ వాళ్లు చూపిస్తే చూసి తిరిగివ్వాల్సినవి, ఫోటోలు తీసి దాచుకోవాల్సినవి కావు. ఆధార్ కాపీ కావాలంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ చాలు.

ఓనరు భయాన్ని కూడా తేలిగ్గా తీసుకోలేం. పిన్నిగారికి బాబాయిగారు పోయాక వచ్చే ఆదాయం ఈ అద్దే. ఆ 7,000తోనే మందులు, కరెంటు బిల్లు. అద్దె ఆగిపోతే తాళం వేసేయడానికి, నీళ్లు, కరెంటు ఆపేయడానికి ఆవిడకు హక్కు లేదు. నెలనెలా అద్దె మీద ఉన్నవాళ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటులో గానీ స్థానిక చట్టంలో గానీ వేరేగా లేకపోతే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి, అయినా కదలకపోతే కోర్టుకే వెళ్లాలి. అద్దెకిచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగడం అందుకే న్యాయం. అడిగే తీరులో పొగరు ఉండకూడదు, అంతే.

లెక్క కాస్త తక్కువ పడినప్పుడు ఓనర్లు మొదట పట్టుకునేది అడ్వాన్సు. "మూడు నెలలది ఇవ్వండి, ఐదు నెలలది ఇవ్వండి" అంటారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టి చూసినా, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ల నుంచి ఎక్కువ అడ్వాన్సు తీసుకోవడమంటే వాళ్లు అద్దె కట్టడానికి ఉంచుకున్న డబ్బును ముందే లాగేసుకోవడం. చాలామంది ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. 30,000 అడ్వాన్సుకు నెలకు 900 వడ్డీ. ఓనరు 7,000 అద్దె అనుకుంటాడు, వాళ్లు కడుతున్నది 7,900. భద్రత కోసం తీసుకున్న ఆ డబ్బే వాళ్లను అద్దె ఎగ్గొట్టే స్థితికి తోస్తుంది. ఇంకో మాట. పాత ఓనరు ఇల్లు ఖాళీ చేశాకే అడ్వాన్సు తిరిగిస్తాడు, కొత్త ఓనరు సామాను దించకముందే అడుగుతాడు. ఆ వారం రోజులకు ఒక కుటుంబం రెండు అడ్వాన్సులు మోయాలి. పది రోజులు ఆగితే పైసా ఖర్చు లేకుండా తీరిపోయే ఇబ్బంది అది.

రెండోది హామీ. టీచరుగారి మరిది కువైట్‌లో ఉన్నాడు, "మావాడు పూచీ ఉంటాడండి" అన్నారు. మన వైపు ఈ మాట చాలా వింటాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. అంటే అద్దెకున్నవాళ్లు కట్టకపోతే మొత్తం అతన్నే అడగవచ్చు. సంతకం పెట్టే మనిషికి ఈ సంగతి తెలిసి ఉండాలి. మొహమాటానికి సంతకం పెట్టించుకుని తర్వాత అతని మీద పడటం నాకు నచ్చదు. పైగా కువైట్‌లో ఉన్నవాడి హామీ ప్రేమకు సాక్ష్యమే గానీ, అద్దె ఆగితే పిన్నిగారు అక్కడికి వెళ్లి ఎవర్ని అడుగుతారు? ఊళ్లో, కనీసం పక్క ఊళ్లో ఉన్న మనిషి కావాలి.

ఓనరు ఇంకో లెక్క మర్చిపోతాడు. ఆషాఢంలో, పుష్యంలో మనవాళ్లు ఇల్లు మారరు. ఆ నెల ముందు ఇల్లు ఖాళీ అయితే టూలెట్ బోర్డు వేలాడుతూ ఉండాల్సిందే. ఈ ఆషాఢం పిన్నిగారికి 7,000 నష్టం. నిలకడగా నాలుగేళ్లు ఉండే కుటుంబానికి నెలకు 500 తగ్గించినా ఏడాదికి పోయేది 6,000. పెద్ద జీతం ఉండి ఆర్నెల్లకోసారి ఊరు మారే ఉద్యోగి వల్ల వచ్చే నష్టం అంతకన్నా ఎక్కువే.

ఎంత చూసినా ఇవ్వకూడని సందర్భం కూడా ఉంటుంది. ఏడాది మొత్తం లెక్కేసినా, వాయిదాలు తీసేశాక తిండికి చాలనప్పుడు జాలిపడి ఇవ్వడం వాళ్లకు సాయం కాదు. ఆర్నెల్ల తర్వాత బాకీతో, మాట పడి బయటికి పోతారు. అప్పుడు మర్యాదగా "ఈ వాటా మీకు భారమవుతుందండి, వెనక చిన్న వాటా 4,500కి ఉంది, చూస్తారా?" అని లెక్క చూపించి చెప్పడం నయం. ఒక పంట మీదే మొత్తం ఆధారపడిన ఇంటి విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర పడిపోయి, చెరువుల మీద బతికే ప్రతి పనివాడికీ ఆ దెబ్బ తగిలింది. మన మెకానిక్ ఇంట్లో స్కూలు జీతం, పింఛను ఆ దెబ్బ తగలని డబ్బు. పింఛను ఒకటో తేదీకే చేతికొస్తుంది కూడా.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. "మీ జీతం చాలదండీ" అన్న మాట చాలాసార్లు అబద్ధం. అసలు కారణం కులం, లేదా మతం, లేదా భర్త లేని ఆడమనిషి కావడం. మొహం మీద అనలేక జీతం మీద పెడతారు. ఒకే వాటాకు ఒకరిని మూడింతలు అడిగి, ఇంకొకరిని "మనోళ్లే కదా" అని ఏమీ అడగకుండా ఇస్తే, అది ఆదాయం చూసి ఇచ్చినట్టు కాదు. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఇంటి అరుగు మీద నిలబడి నాన్న జీతం చెప్తుంటే ఆ ఇంటాయన సగంలోనే తలుపు వేసేశాడు. అంకె పూర్తిగా వినలేదు. నాన్న దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఇల్లు చూపించక ముందే ఏమేం చూస్తామో కాగితం మీద రాసుకుని, వచ్చిన అందరినీ అవే అడగమని పిన్నిగారికి నేను చెప్పడానికి కారణం అదే.

చివరికి ఆ వాటా వాళ్లకే ఇచ్చారు. అద్దె ఒకే అంకెగా రాయలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 6,000, మిగతా నెలల్లో 7,500. పన్నెండు నెలలకు 84,000, అంటే నెలకు 7,000 చొప్పునే. అందరిలాగే 11 నెలల అగ్రిమెంటు రాశారు. ఆగస్టు నుంచి జూన్ దాకా కూడితే 76,500, అసలు రావాల్సిన దానికన్నా 500 తక్కువ. మెకానిక్ ఆ తేడా తనే పట్టుకుని, "అది జూన్ అద్దెలో కలిపి ఇచ్చేస్తానండి" అన్నాడు. పిన్నిగారు అగ్రిమెంటు కింద ఆ ముక్క కూడా చేత్తో రాయించారు. అడ్వాన్సు 14,000లో సగం దిగిన రోజు, మిగతాది పాత ఇంటి డబ్బు చేతికొచ్చాక. ఆలస్యమయ్యే నెలలో 3వ తేదీ లోపు చెప్పాలన్నది ఆఖరి షరతు. కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేస్తే ఆ లెక్క కాగితం ఫోటో తీసి పంపించారు.